మిద్దెకెక్కిన చౌడు

మృగశిర కార్తె ఇంకా రాకముందే రాయలసీమ పల్లెల్లో ఎద్దుల బండ్లు చౌటినేలల దారి పట్టేవి. గింజ మొలవని ఆ నేలను ఎవరూ లెక్కచేసేవాళ్ళు కాదు, ఈ నాలుగు రోజులు తప్ప. తవ్వి తెచ్చిన చౌడును గంపలకెత్తి, నిచ్చెన మీదుగా మిద్దెపైకి చేర్చి, పలచగా పరిచి అణగదొక్కేవాళ్ళు. వానకు తడిసిన చౌడు మెత్తబడి సందులన్నీ పూడ్చేస్తుంది, నీటిని కిందికి దిగనివ్వదు. పైగా దాని మీద గడ్డి మొలవదు. పొలానికి శాపమైనదే ఇంటికి కప్పయింది.

గోడల మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా జంతెలు. బేతంచెర్ల, తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు నాపబండకు కొదవ లేదు కాబట్టి జంతెల మీద బండలే పరిచేవాళ్ళు. అవి దొరకని ఊళ్ళలో వెదురుతోనో కట్టెపుల్లలతోనో సరిపెట్టుకునేవాళ్ళు. ఆ పైన ఆకు, మట్టి, చివరికి చౌడు. ఏటేటా పడే పొరతో మందం పెరుగుతూ పోయేది.

పొడిమట్టిలో వేడి నెమ్మదిగా నడుస్తుంది. మిట్టమధ్యాహ్నం మిద్దెను కాల్చిన ఎండ కింది గదికి దిగేసరికి రాత్రవుతుంది. అప్పటికి గదిలో మనుషులుండరు. పరుపులు, నీళ్ళ చెంబుతో సహా అందరూ మిద్దె మీదే! గదిలోని వేడిగాలి, పొయ్యి పొగ కప్పులో వదిలిన కంత, అంటే గవాక్షిలోంచి బయటికి పోయేవి. వానొస్తే గవాక్షిని బండతో మూసేవాళ్ళు.

కోస్తాలో వానలు, తుఫానులు ఎక్కువ. అక్కడ తాటాకు, కుమ్మరి పెంకు నడిచాయి. తర్వాత బెంగుళూరు పెంకు వచ్చింది. నిజానికి అది బెంగుళూరుది కాదు. 1865లో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ తరఫున జార్జ్ ప్లెబ్‌స్ట్ పెట్టిన పెంకుల ఫ్యాక్టరీ ఉండింది మంగళూరులో. మనవాళ్ళ నోట ఊరు మారిపోయింది. పల్చటి పెంకు వానను ఆపింది గానీ ఎండను అంతగా ఆపలేదు. కింద అటక ఉన్న ఇళ్ళే కాస్త నయం.

పట్నాల్లో బంగళాలకు, ఆఫీసులకు వేసింది మద్రాస్ టెర్రస్. టేకు వాసాల మీద సన్నటి ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరసల్లో సున్నంతో అతికేవాళ్ళు. దాని మీద ఇటుకముక్కలు, డంగుసున్నం కలిపి మూడంగుళాల దాకా పరిచి, ఆడకూలీలు వరసగా కూర్చుని చెక్కబద్దలతో రోజుల తరబడి కొట్టేవాళ్ళు. కొడుతూ కరక్కాయ, బెల్లం నానిన నీళ్ళు చల్లేవాళ్ళు. ఆ టెర్రస్‌ల చల్లదనం సగం ఆ కూలీల చేతులదే. ఏ శిలాఫలకం మీదా వాళ్ళ పేర్లు లేవు.

ఆపైన కాంక్రీటు స్లాబు వచ్చింది. మట్టిమిద్దె మంచిదని ఇవాళ రాయడం తేలికే. ముసురు పట్టినప్పుడు కారే చోటల్లా గిన్నెలు పెట్టుకుని మేలుకున్నవాళ్ళు అలా అనరు. చెదలు దూలాన్ని తినేవి. మట్టిలోంచి తేళ్ళు రాలేవి. నానిన మిద్దె కూలి మనుషులు పోయిన వార్తలు వానాకాలం పేపర్లలో ఇప్పటికీ కనబడతాయి. స్లాబు ఇల్లంటే పేదవాడికి ముందు భద్రత, తర్వాతే పరువు.

కాకపోతే నాలుగైదు అంగుళాల కాంక్రీటు పగలంతా ఎండ తాగి, సాయంత్రం నుంచి మన నెత్తిన కక్కుతుంది. తొలినాళ్ళలో మద్రాస్ టెర్రస్‌లోని ఇటుకముక్కల సున్నాన్నే స్లాబు మీదా పరిచేవాళ్ళు. మేస్త్రీలు దాన్ని వెదరింగ్ కోర్స్ అంటారు. ఖర్చు తగ్గించుకునే వేళ మొదట ఎగిరిపోయేది అదే. రేపో మాపో ఇంకో అంతస్తు వేస్తామన్న ఆశ కూడా దానికి తోడైంది. పిల్లర్ల చువ్వలు పైకి వదిలేసి, ఇరవయ్యేళ్ళయినా రెండో అంతస్తు లేవని ఇళ్ళు ఏ వీధిలో లేవు? ఆ ఇళ్ళ స్లాబులు అన్నేళ్ళూ బోడిగానే ఎండాయి.

2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పును చల్లబరచాలన్నది లక్ష్యం. తెల్లరంగు, తెల్లటైల్స్ లాంటివి అందులో మార్గాలు. మట్టి వేడిని ఆలస్యం చేసేది, తెలుపు వచ్చిన ఎండను చాలావరకు వచ్చినట్టే వెనక్కి పంపుతుంది. కానీ దుమ్ము పేరుకుంటే తెలుపు తెలుపుగా ఉండదు. మార్చి రాగానే చీపురు, బకెట్టు పట్టుకుని ఎవరో ఒకరు మేడెక్కాలి.