క్లచ్‌లో ఆముదం

తొలినాటి హైడ్రాలిక్ బ్రేకుల్లో, క్లచ్‌లలో పోసిన ద్రవానికి మూలం ఆముదం. పాలమూరు, నల్లగొండ చెలకల్లో కాసే ఆ గింజల నూనే! ఈ సంగతి తెలిశాక దాని వెంట పడకుండా ఉండలేకపోయాను. అప్పట్లో బ్రేకు, క్లచ్ సిలిండర్లలోని కప్పులు, సీళ్లు సహజ రబ్బరువి. ఇంజన్ ఆయిల్ తగిలితే ఆ రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. ఆముదం దాన్ని ఏమీ చెయ్యదు. చిక్కదనం తగ్గడానికి ఆల్కహాల్ కలిపేవారు.

నిజానికి క్లచ్‌కి ఆముదం అంతకు ముందే అలవాటు. తోలు తొడిగిన శంకువు ఆకారపు క్లచ్‌లుండేవి. తోలు బిరుసెక్కితే క్లచ్ ఒక్కసారిగా పట్టేసి బండి ఎగిరిపడేది. అందుకని తోలుకి ఆముదం పట్టించేవారు. మొదటి ప్రపంచయుద్ధపు విమానాల రోటరీ ఇంజన్లూ కందెనగా ఆముదం తాగినవే, పెట్రోలులో అది తేలిగ్గా కరగదు గనక. ఆ పొగంతా పైలట్ల ముఖం మీదికే వచ్చేది.

1917లో మాల్కం లాక్‌హీడ్ హైడ్రాలిక్ బ్రేకుకి పేటెంట్ పొందాడు. లాక్‌హీడ్ విమానాల కంపెనీ పెట్టిన ఆలన్‌కి ఈయన అన్న. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకీ అలాంటి బ్రేకులే వచ్చాయి. కొన్ని దశాబ్దాలకి క్లచ్ కూడా కడ్డీలూ తీగలూ వదిలి అదే దారి పట్టింది.

ఇక 1955 అక్టోబరు, పారిస్ మోటార్ షో. నా మనసంతా అక్కడే. సిట్రోయెన్ డిఎస్ కారుకి క్లచ్ పెడలే లేదు! స్టీరింగ్ వెనక సన్నని మీట. దాన్ని వేళ్లతో జరిపితే చాలు, ద్రవమే క్లచ్ విడదీసి, గేరు మార్చి, మళ్లీ కలిపేది. ఇంజన్ స్టార్ట్ చెయ్యడానికీ ఆ మీటే. సస్పెన్షన్, స్టీరింగ్, బ్రేకులు అన్నిటినీ నడిపింది ఆ ద్రవమే. మొదటిరోజే 12,000 ఆర్డర్లు వచ్చాయి. అంత అద్భుతంలోనూ మొదట్లో పారింది ఆముదపు ద్రవమే. 1966లో ఆకుపచ్చని మినరల్ ఆయిల్ వచ్చింది, దాంతోపాటు సీళ్ల రబ్బరూ మారింది. పాత కారులో పచ్చది పోస్తే సీళ్లు పాడైనట్టే.

ఇప్పుడు క్లచ్‌లో ఎక్కువగా పోసేది గ్లైకాల్ బ్రేక్ ఫ్లూయిడ్. అది తేమ పీల్చుకుంటుంది, లోపల తుప్పు పడుతుంది, సీలు కారుతుంది. పాత కార్లలో ద్రవం ఒత్తిడితో క్లచ్‌ని విడదీసే స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ బయటే ఉండేది. బోల్టులు విప్పి, కిట్ తెచ్చి, రబ్బరు కప్పు మార్చి, ఒకరు పెడల్ తొక్కుతుంటే మరొకరు కింద నిపుల్ వదులు చేసి బుడగలు ఆగేదాకా ఎయిర్ తీసేవారు. ఆ పనితనం పోతున్నందుకు నాకు బాధగానే ఉంది. చాలా కొత్త కార్లలో స్లేవ్ సిలిండర్ బేరింగుతో కలిసి గేర్‌బాక్స్ షాఫ్టు చుట్టూ కూర్చుంటుంది. చిన్న సీలు కారినా గేర్‌బాక్స్ దించాల్సిందే, సిలిండర్ మొత్తం మార్చాల్సిందే. ఎలాగూ దించాం కదా, క్లచ్ ప్లేటు కూడా వేసేద్దామంటాడు మెకానిక్. ఆ మాట సబబే.