చేప నీళ్ళలో చస్తుందా?

మొన్నొక రాత్రి ఒంటిగంట వేళ ఫోను మోగింది. అర్ధరాత్రి ఫోనంటే గుండె గుభేలుమంటుంది గదా! తీరా చూస్తే ఫ్లారిడాలో వున్న మా మేనల్లుడు. వాళ్ళకప్పుడు ఆదివారం మధ్యాహ్నమట. సముద్రంలో సరదాగా చేపలు పట్టడానికి ఓ చిన్న పడవ కొన్నాడు.

"అత్తా, పెద్ద చేపలకు ఎరగా బతికున్న చిన్న చేపలు కావాల. పడవలో తొట్టి పెట్టినా. గంట తిరక్కముందే అన్నీ వెల్లకిలా తేలిపోతా వుండాయి. చిన్నప్పుడు తాతతో చేపకుండలు మోసినావంట గదా, ఏం చెయ్యాలో చెప్పు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతమంటే వానచుక్క కోసం ఆకాశం వైపు చూసే సీమ. అక్కడ పుట్టినదాన్ని పట్టుకుని సముద్రం మీది పడవకు సలహా అడగడమా! అయినా వాడు అడగవలసిన మనిషినే అడిగాడు. ఎందుకో ముందు ముందు చెబుతాను.

చేపలవేట సరదా మావాడితో మొదలైంది కాదు. మా సీమనూ ఏలిన కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో 'మానసోల్లాసం' అనే సంస్కృత గ్రంథం కూర్చాడు. అందులో రాజుల వినోదాలలో చేపలవేటనూ చేర్చి, ఏ చేపకు ఏ మేత వెయ్యాలో కూడా చెప్పాడు.

ఎరచేపను బతికించి తీసుకుపోయే విద్య మాత్రం లక్షదీవులలోని మినికాయ్ జాలరులది. పడవలో ఒక అర కట్టి, దాని అడుగున చిల్లులు పెట్టి, వాటికి బిరడాలు బిగిస్తారు. బిరడా తీస్తే సముద్రపు నీరు లోపలికొస్తుంది. పాతనీరు పైనుంచి తోడి పోస్తూ వుంటారు. పడవకు చేతులారా చిల్లి పెట్టుకునేవాళ్ళని ఎక్కడైనా విన్నారా? ఆ చిల్లే చిన్నచేపల ప్రాణం! సూరచేపల గుంపు కనిపించగానే ఆ చిన్నచేపలను విసిరి, పెద్దవాటిని గాలాలతో పైకి లాగేస్తారు.

సముద్రం లేనిచోట ఈ అవసరం చేపపిల్లలను ఊరినుంచి ఊరికి మోసేవాళ్ళకు వచ్చింది. వెనుక బెంగాలులో వానాకాలం నదుల్లో పట్టిన బొచ్చె, రోహు పిల్లలను 'హుండీ' అనే మట్టికుండల్లో పోసి రైళ్ళలో పంపేవారు. కుండలతో మనిషి కూడా వుండేవాడు. వాటిని ఊపుతూ వుండడం, మధ్య మధ్య కాసిని నీళ్ళు మార్చడం, ఇదే అతని పని. మురికి అడుక్కు దిగడానికి చిటికెడు ఎర్రమట్టి పొడి కూడా వేసేవారట.

ఊపడమెందుకంటారా? చేప నీళ్ళతో బతుకుతుందనుకుంటాం. నిజానికది నీళ్ళలో కరిగిన గాలితో బతుకుతుంది. 30 డిగ్రీల వేడిలో లీటరు మంచినీళ్ళలో ఇమిడే ప్రాణవాయువు ఏడున్నర మిల్లీగ్రాములే. మనం పీల్చే లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాములుంటుంది! నీళ్ళు వేడెక్కేకొద్దీ ఆ కాస్తా తగ్గుతుంది. ఊపితే పైగాలి కొంత లోపల కరుగుతుంది. కొరమీను పైకొచ్చి గాలి మింగగలదు గనుక సంతలో తడికుండలో కూడా బతికే వుంటుంది. పాపం, బొచ్చెపిల్లకు ఆ వరం లేదు.

ఇక మా ఇంటి సంగతి. తుంగభద్ర ఆనకట్టకు నీళ్ళు వచ్చింది 1953లో. ఆ ఏడే అక్టోబరు 1న ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లా నుంచి విడిపోయి ఆంధ్రరాష్ట్రంలో కలిశాయి. తర్వాత కాలవనీళ్ళు కూడా రావడంతో మావాళ్ళకు కొత్త ఆశలు పుట్టాయి. ఎమ్మిగనూరులో బట్టలకొట్టు గుమాస్తాగా వున్న మా నాయన, 1961లో ఒక పల్లె చెరువు వేలంలో పాడుకున్నాడు. చేపపిల్లలు కొనడానికి అమ్మ చేతి బంగారు గాజులు రెండూ కుదవకు వెళ్ళాయి.

హోసపేట నుంచి ఎనిమిది కుండలు. మూతులకు ఎమ్మిగనూరు మగ్గాల పల్చటి గుడ్డ కట్టాం. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. హోసపేట నుంచి వచ్చేది మీటరుగేజి బండి, ఆదోనికి పోయేది బ్రాడ్‌గేజి. కనుక కుండలన్నీ గుంతకల్లులో దించవలసిందే. రెండు రాత్రులు కన్ను మూయని నాయన, "అరగంట నడుం వాలుస్తా పాపా. కుండలు ఊపుతా వుండు, నిలపొద్దు" అని తువాలు పరచుకుని పడుకున్నాడు.

నేను ఊపాను. చాలాసేపే ఊపాను. ఎప్పుడు కునుకు పట్టిందో తెలియదు. మెలకువ వచ్చేసరికి గుడ్డల కింద నురుగు, నురుగులో తెల్లగా తేలిన పిల్లలు. ఏడు కుండలు అలాగే వున్నాయి. ఒక్కదాంట్లోనే బతికాయి. అందులో మొదటినుంచీ పిల్లలు తక్కువ.

నాయన నన్నొక్క మాట అనలేదు. ఇంట్లో అమ్మ కూడా నన్ననలేదు. "ఇంత పసిదాన్ని రాత్రంతా మేలుకోమంటే ఎట్లా మేలుకుంటాది?" అని నాయననే మందలించింది. ఆ గాజులు మాత్రం మళ్ళీ మా ఇంటికి రాలేదు.

తర్వాత రోజులు మారాయి. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురీగారు మందు సూదితో చేపలచేత గుడ్లు పెట్టించిన విద్య దేశమంతా పాకింది. కుండ పోయి పాలిథిన్ సంచి వచ్చింది. మూడోవంతు నీళ్ళు, మిగతాది ప్రాణవాయువు, మూతి బిగించి డబ్బాలో పెట్టడం. ఊపే మనిషితో పనే లేదు. ఆ సంచులను మొదటిసారి చూసినప్పుడు, ఇవి కొన్నేళ్ళు ముందుగా మా ఇంటికి వచ్చివుంటే ఎంత బాగుండేదీ అనుకున్నాను.

సరే, మావాడికేం చెప్పానంటారా? "నాయనా, మూలలున్న తొట్టి తీసేసి గుండ్రటిది పెట్టు. మూలల్లో చేపలు గుమిగూడి ముక్కులు రాచుకుంటాయి. పంపుతో కొత్తనీరు ఎడతెగకుండా రానీ, పాతనీరు పైనుంచి పొర్లిపోనీ. ఎండ తగలనీయకు. మేత వెయ్యకు. చేత్తో తాకకు. అన్నిటికంటే ముందు, వెయ్యాలనుకున్నదాంట్లో సగమే వెయ్యి."

మళ్ళీ ఆదివారం ఫోను చేశాడు. "అత్తా, సాయంత్రం దాకా ఒక్కటీ చావలే! ఈ సలహాకు ఫీజెంత?" అని నవ్వాడు.

రెండు బంగారు గాజులని వాడికి చెప్పలేదు. మీకు చెప్పాను.