ఒక్క గుక్కలో ఎంతదాకా?

మాఘం చలి. ఎస్. రాయవరంలో చెరకు నరుకుళ్ల రోజులు. ఇంకా తెల్లవారకముందే ఫోన్‌లో అక్క గొంతు: "తమ్ముడూ, ఓపాలి రా. మీ బావ మంచం దిగలేకపోతన్నాడు."

పరుగున వెళ్తావు. నిన్న సాయంత్రం కాలి నుంచి చెప్పు జారిపోయినా బావకి తెలియలేదట. ఇవాళ నిలబెడితే మోకాళ్లు ముడుచుకుపోతున్నాయి. "తిమ్మిరే, మద్దేనానికి తగ్గిపోద్ది," అంటాడు. పక్కింటి పెద్దాయన తైలం సీసా తెచ్చాడు. నీకు మాత్రం రెండు వారాల కిందట బావకి పట్టుకున్న విరేచనాలు గుర్తొస్తాయి. 2025 మొదట్లో పుణె నుంచి, ఆ వెంటనే గుంటూరు ప్రభుత్వాసుపత్రి నుంచి వచ్చిన వార్తలూ గుర్తొస్తాయి. గిలియన్ బారే సిండ్రోమ్ అనే నరాల జబ్బు. తైలం పక్కన పెట్టించి కారు తెప్పిస్తావు.

అడ్డరోడ్డు దగ్గర హైవే ఎక్కారు. ఎలమంచిలి దాటింది. అనకాపల్లి వచ్చేసరికి బావ చేతిలో నీళ్ల సీసా నిలవడం లేదు. ఉదయం కాళ్లలో ఉన్నది ఇప్పుడు చేతుల్లోకి వచ్చింది.

విశాఖ ఆసుపత్రిలో డాక్టరమ్మ మోకాలి కింద చిన్న సుత్తితో తట్టింది. కాలు ఎగరలేదు. "గుండెల నిండా ఊపిరి పీల్చి, మళ్లీ పీల్చకుండా ఒకటి నుంచి లెక్కపెట్టండి." బావ మొదలెట్టాడు. పది గట్టిగానే వచ్చింది. పన్నెండు సన్నగిల్లింది. పద్నాలుగు దగ్గర ఆగిపోయాడు. ఇరవై కూడా రాలేదంటే ఊపిరి తీయించే కండరాలు అలసిపోతున్నాయి. వెంటనే ఐసీయూ.

తలుపు బయట ఆమె నీకు విడమరచి చెబుతుంది. విరేచనాలు తెచ్చిన క్రిమిని చంపడానికి ఒళ్లు యాంటీబాడీలను తయారుచేసుకుంది. ఆ క్రిమి పైపొర మన నరాల పైపొరను పోలి ఉండటంతో అవి నరాల మీద పడ్డాయి. స్టెరాయిడ్లు ఈ జబ్బుకి పనిచేయవు. ఉన్నవి రెండే దారులు. ఇమ్యునోగ్లోబులిన్ ఐదు రోజులు ఎక్కించాలి, అరవై కిలోల మనిషికి రోజుకి 24 గ్రాములు. లేదా ప్లాస్మా మార్చాలి. రెండింటి ఫలితమూ ఒకటే. బావకి ప్లాస్మా మార్పిడి అని నిర్ణయించారు.

గౌను, మాస్కు వేసుకుని మంచం పక్కన నిలబడ్డావు. బావ మెడలోని పెద్ద సిరలో రెండు నాళాల గొట్టం. ఒకదాంట్లోంచి రక్తం మిషన్‌లోకి పోతోంది, రెండోదాంట్లోంచి తిరిగి వస్తోంది. లోపల గిర్రున తిరుగుతున్న గిన్నెలో బరువైన రక్తకణాలు ఒకవైపు, ప్లాస్మా మరోవైపు విడిపోతున్నాయి. కింద వేలాడుతున్న సంచిలోకి లేత పసుపు ద్రవం నిండుతోంది. నరాలను తినేస్తున్న యాంటీబాడీలు అందులోనే ఉన్నాయి. కళ్లకి కనబడవు. చూడ్డానికి అది నిమ్మనీళ్లలా ఉంది.

బావ పెదాలు కదిపాడు. "పెనం మీద మడ్డి తీసినట్టేనా అమ్మా?" బెల్లం వండిన చేతులు ఆయనవి.

టెక్నీషియన్ అమ్మాయి నవ్వింది. "మడ్డి ఒక్కటే కాదు బాబాయ్, పానకమంతా తోడేసి కొత్తది పోస్తున్నాం." తీసిన రెండున్నర లీటర్లకి బదులు అల్బుమిన్ ద్రవం ఎక్కుతోంది. మడ్డి ఒక్కటే తీసే పద్ధతీ ఉందట, ఇమ్యునోఅడ్సార్ప్షన్. ప్రత్యేకమైన గొట్టం యాంటీబాడీలను పట్టి ఉంచుకుని, మనిషి ప్లాస్మాను మనిషికే తిరిగి ఇస్తుంది. అది ఇంకా ఖరీదైన పని.

గంట గడిచింది. "మూతి చుట్టూ చీమలు పాకినట్టుంది," అన్నాడు బావ. రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్, ఒంట్లో కాల్షియాన్ని పట్టేస్తుంది. ఆ అమ్మాయి కాల్షియం ఎక్కించి బీపీ మళ్లీ చూసింది. కాసేపటికి చీమలు పోయాయి.

"ఒక్కసారికే అయిపోదా?" అడిగావు. కాదు. యాంటీబాడీల్లో సగానికి పైగా రక్తనాళాల బయటే ఉంటాయి. చెలమ తోడేశాక మళ్లీ నీరు ఊరినట్టు, మర్నాటికి అవి రక్తంలోకి ఊరుతాయి. అందుకే రోజు విడిచి రోజు, ఐదుసార్లు.

ఆ రాత్రి ఐసీయూ బయట కుర్చీలో ఫోన్ వెలుతురులో చదువుతావు. ఉత్తర అమెరికా డాక్టర్లు 245 మంది మీద చేసి, 1985లో ప్రచురించిన పరీక్ష. ప్లాస్మా మార్చినవాళ్లలో సగం మంది 53 రోజులకి తోడు లేకుండా నడిచారు, మార్చనివాళ్లలో సగం మంది 85 రోజులకి. ఆ తేడా ముప్పై రెండు రోజులు. కూలికి పోయే ఇంట్లో అది ఒక నెల తిండి. చికిత్స రెండు వారాల్లోపు మొదలైతే మేలు ఎక్కువ. తైలం రాస్తూ ఇంట్లో కూర్చుని ఉంటే ఆ రోజులు ఎవరు తెచ్చిస్తారు? కాళ్లలో మొదలైన బలహీనత పైకి పాకుతుంటే రేపటిదాకా ఆగకూడదు. ఈ మాట ఊళ్లో ప్రతి గుమ్మం దగ్గరా చెప్పాలనిపిస్తుంది.

"మిషన్ నరాన్ని అతకదు," అంది డాక్టరమ్మ మర్నాడు. "కొట్టేవాడి చెయ్యి పట్టుకుంటుంది, అంతే. దెబ్బ మానడం నరం పని. నెలలు పడుతుంది. ఓపిక మీరు పట్టాలి."

నాలుగోసారి అయ్యాక, ఉదయం. సుత్తితో తడితే కాలు ఇంకా ఎగరడం లేదు. "లెక్కపెట్టండి," అంది ఆమె. అక్క మంచం పక్కన నిలబడి బావతో పాటు వేళ్లు మడుస్తోంది. పద్నాలుగు దాటింది. అక్క ఊపిరి బిగబట్టింది. పద్దెనిమిది. పంతొమ్మిది. రెండు చేతుల వేళ్లూ రెండుసార్లు అయిపోయాయి.

అక్క మళ్లీ బొటనవేలు మడిచింది.