ముద్దకు లెక్కుంది, అన్నానికి లేదు

మన వైపు పాత వంటల్లో ఒక సుగుణం ఉంది. వాటిని లెక్కపెట్టుకోవచ్చు. సంగటి అయితే ముద్దలు, జొన్నలయితే రొట్టెలు. చేనికి పోయే మనిషికి రెండు ముద్దలు, బడికి పోయే పిల్లకు సగం ముద్ద. ఎవరెంత తిన్నారో అడగకుండానే తెలిసిపోయేది. అన్నానికి ఆ లెక్క లేదు. వడ్డిస్తూ పోతే ఎక్కడ ఆపాలో పెట్టే చేతికీ తెలియదు, తినే నోటికీ తెలియదు.

బరువు మాట వచ్చినప్పుడల్లా ఆడవాళ్లం ముందు అడిగేది 'ఏం మానెయ్యాలి?' అనే. ఓళిగలా, ఉగ్గాని బజ్జీనా, నెయ్యా? నాకు మాత్రం ముందు అడగాల్సిన ప్రశ్న వేరే అనిపిస్తుంది. మన కంచంలో కొలత ఎప్పుడు పోయింది? దానికి జవాబు నంద్యాల, ఆళ్లగడ్డ నేలలోనే ఉంది. కాకపోతే నూట యాభై ఏళ్లు వెనక్కి పోవాలి.

అప్పట్లో మనది కర్నూలు జిల్లా. 1866 కరువులో ఆళ్లగడ్డకు దగ్గరలోని ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి ఆకలితో వచ్చిన వేలమందికి గంజి కాచి పోయించాడు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపిందంటే ఆ దానం ఎంతదో ఊహించుకోండి. పదేళ్లు తిరక్కుండానే 1876-78లో అంతకంటే పెద్ద కరువు పడింది. ధాత నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి జనం దాన్ని ధాత కరువు అన్నారు. 1871 లెక్కలతో పోలిస్తే 1881 నాటికి కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది.

ఆ కరువులోనే సర్కారు పేదవాడి తిండిని తూకం వేసింది. 1877లో వైస్రాయి లిట్టన్ పంపగా వచ్చిన రిచర్డ్ టెంపుల్, కరువు పనుల్లో రాళ్లు కొట్టే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌను అంటే మన లెక్కలో 454 గ్రాములు. ఆడవాళ్లకు అంతకంటే తక్కువే. మద్రాసు ప్రభుత్వ ఆరోగ్య శాఖలో ఉన్న డాక్టర్ కార్నిష్ దీన్ని గట్టిగా ఎదిరించాడు. అంత కష్టం చేసే ఒళ్లు ఆ కాస్త గింజలతో నిలబడదని, పప్పు, కూరగాయలు కూడా ఉండాలని వాదించాడు. కొన్ని నెలలకు కూలి కొంత పెంచి, పప్పు కలిపారు. అప్పటికే ఎన్నో ప్రాణాలు పోయాయి.

మన ఇళ్లల్లో 'ఇంకొంచెం పెట్టించుకో' అనే మాటకు అంత బలం ఎక్కడిదో ఇక్కడ చూస్తే నాకు అర్థమవుతుంది. అన్నం చాలక పోయినవాళ్లను చూసిన నేల ఇది. అలాంటి చోట మారు వడ్డించడమే ప్రేమ అయింది. కొలిచి పెట్టే చెయ్యి పిసినారి చెయ్యి అయింది. అందుకే 'తక్కువ తిను' అనే మాట మన చెవికి అంత చేదుగా ఉంటుంది.

ఆ తర్వాత కథ మారింది. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వకం మొదలుపెట్టిన కర్నూలు-కడప కాలువను 1882లో ప్రభుత్వం కొనేసింది. కాలువ పారిన చోట వరి వచ్చింది. అయినా మెట్ట ఊళ్లలో చాలా ఇళ్లకు వరన్నం పండగ తిండే. మామూలు రోజుల్లో జొన్నలు, కొర్రలు. 1906లో మొదలైన మన నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం నంద్యాల తెల్ల జొన్న రకాలను, సూర్యనంది కొర్రను ఇచ్చిందంటే ఈ నేల తిండి ఏమిటో తెలుస్తుంది.

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం ఇచ్చింది. 1986లో బాపట్ల నుంచి బీపీటీ 5204, అంటే సాంబ మసూరి వచ్చింది. మన కాలువల కింద పండిన అదే బియ్యం కర్నూలు సోనాగా పేరు తెచ్చుకుంది. పండగ అన్నం రోజూ అన్నమైంది. ఇది మంచే, కడుపులు నిండాయి. కానీ ముద్ద, రొట్టె వెనక్కి పోతూ లెక్కను కూడా తీసుకుపోయాయి. ఇంకోవైపు రోకలి పోయింది, తిరగలి పోయింది, బిందె మోత పోయింది. ఖర్చు తగ్గిన ఒంటికి జమ పెరిగింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 36 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు.

ఇప్పుడు ఆ పౌను ధాన్యం పక్కన ఇంకో అంకె పెట్టి చూడండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, 2000 కేలరీల కంచానికి రోజు మొత్తం మీద ధాన్యం 250 గ్రాములు. వండక ముందు తూకం అది. దానికి తోడు పప్పులు 85 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు, పాలు. రాళ్లు కొట్టే మనిషికి పప్పూ కూరా లేకుండా 454 గ్రాములు ఆకలి. కూర్చుని పనిచేసే నాకు, నెయ్యీ పప్పూ పక్కన ఉండగా, అదే 454 గ్రాములు భారం. ఎంత తినాలనేది చేసే పనిని బట్టీ, కంచంలో పక్కన ఏముందన్నదాన్ని బట్టీ ఉంటుంది.

కొర్రలకు మారితే లెక్క అక్కర్లేదనుకోకండి. పీచు ఎక్కువే గానీ, బరువుకు బరువు కేలరీల్లో బియ్యానికీ కొర్రలకూ పెద్ద తేడా లేదు.

అందుకని మా ఇంట్లో కొలత కంచం దగ్గర కాదు, ఎసరు దగ్గర. ఎంతమందిమి, ఎవరికెంత అని బియ్యం గ్లాసుతో కొలిచి పోస్తాను. వండాక వద్దనడం కష్టం, వండకముందు తగ్గించడం సులువు. ఓళిగ చేసిన రోజు అందులో పిండి, పప్పు, బెల్లం అన్నీ ఉన్నాయి కాబట్టి అదే భోజనం. రెండు ఓళిగలు నెయ్యితో తిని, ఆ పూట అన్నం ఒక్క ముద్ద పెరుగుతో సరిపెడతాను. ఉగ్గానిలో బొరుగులు తేలికే, నూనె పీల్చేది బజ్జీ. అందుకని ఉగ్గాని కంచం నిండా, బజ్జీ ఒక్కటి. బుడ్డల చట్నీ ఎంత ఇష్టమైనా, బుడ్డల బరువులో దాదాపు సగం నూనే కాబట్టి రెండు చెంచాలు. మానేసింది ఏమీ లేదు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు మాత్రం డాక్టరును అడగకుండా తిండి తగ్గించొద్దు.

ఒక్కటి మాత్రం ఆడవాళ్లకే చెప్పాలి. ధాత కరువులో ఆడమనిషి కూలి మగవాడికంటే తక్కువ తూగింది. ఈ రోజుకీ చాలా ఇళ్లల్లో ఇల్లాలి వాటా అంటే అందరూ తిన్నాక మిగిలింది. ఒకరోజు గిన్నె అడుగు గీకాలి, ఇంకోరోజు పారెయ్యలేక రెండు మనుషుల అన్నం తినాలి. మిగిలింది అనేది కొలత కాదు. అందరికీ వడ్డించేటప్పుడే మీ కంచంలో కూడా పెట్టుకోండి, వాళ్లతో పాటే కూర్చోండి. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున చిత్రాన్నం కలపండి.