గురువు గెలిచిన పోటీ: ‘తెన్‌కాయిచి బుదోకాయి’ ఘట్టం – ఆధునిక జపాన్‌లో యుద్ధవిద్యల చర్చ

వ్యాససంగ్రహం

‘డ్రాగన్ బాల్’ అనిమే ధారావాహికలోని తొలి యుద్ధవిద్యల పోటీని సాధారణంగా ఒక వ్యాపారసూత్రానికి ఉదాహరణగా పేర్కొంటారు. అయితే ఆ పోటీలో కథానాయకుడు గెలవడు. మారువేషంలో వచ్చిన అతని గురువు గెలుస్తాడు. పోటీ విద్యకు గమ్యమా, సాధనమా అన్న విషయంపై ఆధునిక జపాన్‌లో సాగిన చర్చ నేపథ్యంలో ఈ ముగింపును పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: అనిమే, బుదో, డ్రాగన్ బాల్, అకిరా తొరియామా, గురుశిష్య సంబంధం, పోటీ.

1. ఉపోద్ఘాతం

అకిరా తొరియామా రచించి, చిత్రించిన ‘డ్రాగన్ బాల్’ మాంగా 1984 చివరిలో ‘వీక్లీ షోనెన్ జంప్’ పత్రికలో ప్రారంభమై 1995 వరకు 519 అధ్యాయాలుగా వెలువడింది. దాని ఆధారంగా తోయె సంస్థ నిర్మించిన తొలి అనిమే ధారావాహిక 1986 ఫిబ్రవరి నుండి 1989 ఏప్రిల్ వరకు 153 భాగాలుగా ఫుజి టెలివిజన్‌లో ప్రసారమైంది. కథానాయకుడైన గోకు పాత్రకు మూలం ‘పశ్చిమయాత్ర’ అనే చైనా నవలలోని వానరవీరుడు. ఆ నవలకు ప్రేరణ అయిన యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ 7వ శతాబ్దంలో ధాన్యకటకాన్ని దర్శించినవాడే కనుక, ఈ కథామూలం తెలుగు పాఠకులకు పూర్తిగా అపరిచితం కాదు.

ధారావాహికలో 19వ భాగం నుండి 28వ భాగం వరకు సాగే 21వ ‘తెన్‌కాయిచి బుదోకాయి’ ఇక్కడ పరిశీలనాంశం. ‘తెన్‌కా’ అంటే ఆకాశం కింద ఉన్నదంతా, అనగా లోకం. ‘ఇచి’ అంటే ఒకటి. ‘బుదోకాయి’ అంటే యుద్ధవిద్యల సభ. లోకంలో మొదటివాడెవరో తేల్చే సభ అని తాత్పర్యం. ఆ సభలో గోకు అంతిమపోరు వరకు వచ్చి ఓడిపోతాడు. బాలుర కోసం రూపొందిన వీరగాథలో వీరుడు తొలి పోటీలోనే ఓడడం ఎందుకన్నది పరిశీలించదగిన ప్రశ్న.

2. పోటీ ఘట్టం పుట్టిన పరిస్థితి

‘షోనెన్ జంప్’ పాఠకులు తమకు నచ్చిన మూడు రచనలను కార్డుపై గుర్తించి పంపుతారు. ఆ లెక్కలో వెనుకబడిన ధారావాహికలు త్వరగా ముగిసిపోతాయి. ‘డాక్టర్ స్లంప్’ వంటి విజయం తర్వాత వచ్చినప్పటికీ ‘డ్రాగన్ బాల్’ తొలి కథాభాగం ముగిసేసరికి ఆదరణ తగ్గింది. కథానాయకుడి పాత్ర బలంగా లేదని సంపాదకుడు కజుహికో తొరిషిమా భావించాడు. అప్పుడు ‘బలవంతుడు కావడం’ కథాసూత్రమయింది. కామె సెన్నిన్ వద్ద శిక్షణ, కురిరిన్ అనే సహాధ్యాయి, ఆపై పోటీ వరుసగా వచ్చాయి. ‘డాక్టర్ స్లంప్’లో పోటీ కథలకు లభించిన ఆదరణ తొరియామాకు అనుభవంలో ఉన్నదే. అదే పత్రికలో ‘కిన్నికుమాన్’ కూడా పోటీల వరుసపైనే నడుస్తోంది.

కాబట్టి పోటీ అనే చట్రం తొరియామా కొత్తగా కనిపెట్టినది కాదు. మార్కెట్ అవసరం నుండి వచ్చినదే. స్నేహం, కృషి, విజయం ‘జంప్’ పత్రికకు ప్రసిద్ధమైన మూడు సూత్రాలు. ఈ ఘట్టంలో మొదటి రెండూ నిండుగా ఉన్నాయి. మూడవది మాత్రం వాయిదా పడింది. మార్కెట్ అవసరం పోటీని వివరిస్తుంది కానీ ఓటమిని వివరించదు. దానికి యుద్ధవిద్యల చరిత్రను చూడవలసి ఉంటుంది.

3. బుదో, పోటీ: చారిత్రక నేపథ్యం

‘తెన్‌కాయిచి’ అనే మాటకు చరిత్ర ఉంది. 16వ శతాబ్దంలో ఓదా నొబునాగా శ్రేష్ఠులైన హస్తకళాకారులకు ఈ బిరుదు ఇచ్చాడు. తరువాత ఎవరికి వారే దీనిని తమ సరుకులపై వేసుకోవడంతో బిరుదు విలువ పలచబడింది. చివరకు 1682లో తొకుగావా ప్రభుత్వం దాని వాడకాన్ని నిషేధించింది.

‘బుదో’లోని ‘దో’ శబ్దానికి మార్గమని అర్థం. జిగొరో కానో 1882లో కోదోకాన్‌ను స్థాపించి, పాత జూజుత్సు రీతులను జూదోగా తీర్చిదిద్దినప్పుడు, విద్యను కేవలం గెలుపు నైపుణ్యంగా కాక వ్యక్తిత్వ నిర్మాణానికి మార్గంగా నిర్వచించాడు. 1895లో క్యోటోలో ఏర్పడిన దాయ్ నిప్పొన్ బుతొకుకాయి యుద్ధవిద్యలను జాతీయస్థాయిలో వ్యవస్థీకరించింది. ఈ విద్యలు సైనికవాదానికి తోడ్పడ్డాయన్న కారణంతో యుద్ధానంతరం, ఆక్రమణ పాలనలో 1946లో ఆ సంస్థ రద్దయింది.

నిషేధాల నుండి బయటపడడానికి యుద్ధవిద్యలు క్రీడారూపాన్ని ఆశ్రయించాయి. 1950లో వెదురు కత్తుల ఆట ‘షినాయ్ క్యోగి’ ఇందుకు చక్కని ఉదాహరణ. క్రీడ కావడమంటే నియమాలు, అంకాలు, విజేత ఉండడమే. దానితో పాత ప్రశ్న మళ్ళీ తలెత్తింది. 1922లో ఒకినావా కరాతేను టోక్యోలో ప్రదర్శించి ప్రచారం చేసిన గిచిన్ ఫునకోషి పోటీలను సమ్మతించలేదు. ఆయన 1957లో మరణించగా, జపాన్ కరాతే సంఘం తన తొలి జాతీయ పోటీని అదే సంవత్సరం నిర్వహించింది. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో నిప్పొన్ బుదోకాన్ భవనంలో జరిగిన అన్ని బరువుల జూదో విభాగంలో డచ్ యోధుడు ఆంటన్ గీసింక్ అకియో కమినాగాను ఓడించాడు. విద్య ప్రపంచానిదైంది, మొదటిస్థానం జపాన్‌ది కాకుండా పోయింది. 1975లో అఖిల జపాన్ కెందో సమాఖ్య తన విద్యాలక్ష్యాన్ని అధికారికంగా ప్రకటిస్తూ, కత్తి సూత్రాల సాధన ద్వారా మానవ వ్యక్తిత్వాన్ని తీర్చిదిద్దడమే కెందో అని నిర్వచించింది. పదేళ్ళ తర్వాత, 1985లో, తొరియామా మాంగాలో పోటీ ఘట్టం మొదలైంది.

4. ఘట్ట విశ్లేషణ

4.1 శిక్షణ స్వరూపం: పోటీకి ముందు కామె సెన్నిన్ శిష్యులకు పోరాట మెలకువలేవీ నేర్పడు. వీపున బరువైన తాబేటి చిప్పలు కట్టించి, ఇంటింటికీ పాలు పోయిస్తాడు, ఒట్టి చేతులతో పొలం దున్నిస్తాడు, చదువు చెబుతాడు. చదువు, ఆట, భోజనం, విశ్రాంతి అన్నీ విద్యలో భాగమే అంటాడు. ఈ క్రమంలో పోటీ ఒక పరీక్ష మాత్రమే.

4.2 మారువేషం: శిష్యులు తొలి ప్రయత్నంలోనే గెలిస్తే గర్వించి సాధన మానేస్తారని గురువు భయం. అందుకే ‘జాకీ చున్’ పేరుతో తానే బరిలోకి దిగుతాడు. ఈ పేరు హాంకాంగ్ నటుడు జాకీ చాన్‌ను స్ఫురింపజేస్తుంది. అంతిమపోరులో అతడు తాగినవాడి తూలుడును అనుకరించే పోరాటరీతిని ప్రదర్శించడం 1978 నాటి ‘డ్రంకెన్ మాస్టర్’ చిత్రాన్ని గుర్తుచేస్తుంది. ఆ చిత్రంలో జాకీ చాన్ శిష్యుడు; ఇక్కడ అతని పేరు ధరించినవాడు గురువు. పరిహాసంగా కనిపించే ఈ తారుమారు ఘట్టం మొత్తానికి కీలకం.

4.3 నము పాత్ర: ఉపాంతిమ పోరులో గోకు ప్రత్యర్థి నము. తలపాగా, వేషధారణ భారతీయతను సూచిస్తాయి. అతని పేరు జపనీస్ బౌద్ధ ప్రార్థనలలోని ‘నము’ శబ్దాన్ని స్ఫురింపజేస్తుంది. ఆ శబ్దం సంస్కృత ‘నమస్’కు చైనా లిపి ద్వారా వచ్చిన రూపం. కరవుతో అల్లాడే తన గ్రామానికి నీరు కొనాలని అతడు పోటీకి వస్తాడు, ఓడిపోతాడు. అతని మనసు తెలుసుకున్న జాకీ చున్, ఆ ఊరిలో నీటికి వెల లేదని చెప్పి, నీటిని మోసుకుపోయే సాధనాన్ని ఇచ్చి పంపుతాడు. పోటీలో అందరికంటే బలమైన కారణం ఉన్నవాడికి గెలుపు దక్కలేదు. అతని అవసరం మాత్రం గెలుపుతో పని లేకుండానే తీరింది.

4.4 అంతిమపోరు: బరి దాటినా, పది లెక్కించేలోగా లేవకపోయినా ఓటమి. ఈ నియమాలు క్రీడకు చెందినవి. అంతిమపోరు మాత్రం వాటిని దాటిపోతుంది. నిండుచంద్రుని చూసి గోకు మహావానరంగా మారగా, జాకీ చున్ చంద్రుణ్ణే పేల్చివేస్తాడు. ఇంత జరిగాక ఫలితం తేలేది ఒక చిన్న భౌతిక సత్యంతో. ఇద్దరూ ఒకేసారి ఎగిరి తన్నినప్పుడు పెద్దవాడి కాలు పొడవు కనుక అతని దెబ్బ బలంగా తగులుతుంది. ఇద్దరూ పడిపోతారు. ముందుగా లేచి, తానే విజేతనని ప్రకటించినవాడిది గెలుపు. జాకీ చున్ ఆ మాట పూర్తిచేయగలుగుతాడు. శిష్యుడి శక్తి గురువుతో సమానమైందనీ, శరీరం ఇంకా ఎదగవలసి ఉందనీ ఈ ముగింపు సూచిస్తుంది. బహుమతి సొమ్ములో అధికభాగం శిష్యుల భోజనానికే ఖర్చవుతుంది.

5. తరువాతి పరిణామం

మూడేళ్ళకు జరిగే 22వ పోటీలో గురువు మళ్ళీ మారువేషంలో వస్తాడు; తెన్‌షిన్‌హాన్‌తో పోరులో తానే బరి దాటి, తరువాతి తరానికి దారి ఇస్తాడు. గోకు ఆ అంతిమపోరులోనూ ఓడిపోతాడు. 23వ పోటీలో పిక్కొలోపై గెలుస్తాడు గానీ, అప్పటికి పోరు వేదిక శిథిలమై ఉంటుంది. ‘డ్రాగన్ బాల్ జడ్’లోని 25వ పోటీలో ప్రత్యర్థితో సొమ్ముకు కుదుర్చుకున్న ఒప్పందం వల్ల మిస్టర్ సాతాన్ విజేత అవుతాడు. లోకం అతణ్ణే మొదటివాడిగా కీర్తిస్తుంది. 1682 నిషేధానికి దారితీసిన పరిస్థితి, అంటే బిరుదు ఉండి అర్హత లేకపోవడం, ఇక్కడ హాస్యరూపంలో పునరావృతమైంది.

6. ముగింపు

తొరియామా బుదో చర్చకు సమాధానంగానే ఈ ఘట్టాన్ని రచించాడని ప్రతిపాదించడం ఈ వ్యాసోద్దేశం కాదు. అతని ముందున్నవి పాఠకుల ఓట్లు, వారం వారం గడువులు, హాంకాంగ్ చిత్రాల జ్ఞాపకాలు. అయినా పోటీ కథ చెప్పవలసి వచ్చినప్పుడు, పోటీలోని ప్రమాదాన్ని కూడా కథలోనే పెట్టవలసి వచ్చింది. ఫునకోషి పోటీని నిరాకరించాడు. కెందో సమాఖ్య పోటీలను కొనసాగిస్తూనే లక్ష్యాన్ని వేరుగా నిర్వచించింది. ఈ ఘట్టంలోని గురువు మూడో దారి ఎంచుకున్నాడు: తానే పోటీలో పాల్గొని, శిష్యుడి గెలుపును ఆపాడు.

అనిమే పోటీ ఘట్టాలను బలప్రదర్శన సూత్రాలుగా మాత్రమే వర్గీకరించే పద్ధతి ఈ అంశాన్ని విస్మరిస్తుంది. విజేత ఎవరన్నదానితో పాటు, ఎవరి గెలుపు ఎవరి మేలు కోసం ఆగిందన్నది కూడా పరిశీలిస్తే, ఈ జనరంజక కథలు యుద్ధానంతర జపాన్ సమాజచరిత్రకు ఉపయోగపడే ఆధారాలుగా నిలుస్తాయి.