పెనుకొండ సీమలో వాననీటి గుణం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలు పడమటి కనుమల వర్షచ్ఛాయలో, అంటే నైరుతి గాలులు తమ తేమను చాలావరకు కనుమల అవతలే కురిపించి వచ్చే నేలలో ఉన్నందున, ఇక్కడి నీటి చరిత్ర రాసినవారు ఎంత వాన కురిసిందో, ఎన్ని చెరువులు నిండాయో లెక్కించారే గాని, ఆ నీటి గుణాన్ని అంతగా పట్టించుకోలేదు.

వైద్యులు మాత్రం పట్టించుకున్నారు. సుశ్రుత సంహిత వాననీటిని గాంగం, సాముద్రం అని రెండుగా విడదీసి, వండిన శాలి అన్నపు ముద్దను వెండి పాత్రలో ఉంచి ముహూర్తకాలం, అంటే సుమారు 48 నిమిషాలు, వానలో పెట్టమంది. ముద్ద మారకుంటే ఆ నీరు తాగదగిన గాంగం, రంగు మారి మెతుకు చిమిడితే సాముద్రం. గాంగం ఎక్కువగా ఆశ్వయుజంలో కురుస్తుందని కూడా ఆ గ్రంథం చెప్పింది. ఈ సీమకు ఆధారమైన వానలు పడేదీ ఇంచుమించు ఆ రోజుల్లోనే. వెండి పాత్ర ఎందరి ఇళ్లలో ఉండేదన్నది వేరే సంగతి.

ఆ పరీక్ష ఎంతవరకు నమ్మదగినదో గాని, దాని వెనుక ఉన్న గమనింపు నిజమైనదే. తొలి జల్లు గాలిలోని ధూళిని, లవణాలను కడిగి తెస్తుంది, ఆ తరువాత పడే నీరు తేటబడుతుంది. సముద్రం మీదుగా వచ్చిన మేఘం ఉప్పును, ఎండిన పొలాల మీదుగా వీచిన గాలి సున్నపు అంశను మోసుకొస్తాయి. కాబట్టి ఒకే ఊళ్లో, ఒకే వానలో, వేర్వేరు వేళల పట్టిన నీళ్లు సరిపోలకపోవచ్చు. బొగ్గుపులుసు గాలి కరిగిన శుద్ధమైన వాననీటి ఆమ్లత్వ సూచిక సుమారు 5.6 కాగా, మన దేశంలో సున్నపు ధూళి ఆ పులుపును చాలాచోట్ల విరిచేస్తుంది. ఇంగ్లండులోని మాంచెస్టరు పరిసరాల వానను రాబర్ట్ ఆంగస్ స్మిత్ పరీక్షించి 1852లో ప్రకటించిన వ్యాసం, నగరం నుంచి పొలాల వైపు వెళ్లేకొద్దీ నీటి ఆమ్లత్వం మారుతుందని చూపింది.

అయితే ఈ సీమలో అసలు మార్పు వాన నేలను తాకాకనే జరుగుతుంది. ఒకప్పుడు ఆ నీటిని నేల మీదనే నడిపి నిలిపేవారు. 1388 నాటి శాసనం ప్రకారం, పెనుకొండలో ఉన్న విజయనగర రాజకుమారుడు ప్రతాప బుక్కరాయలు జలసూత్రంలో, అంటే నీటిని నడిపే విద్యలో, ఆరితేరిన సింగాయభట్టుకు హెన్నె నదిని, అంటే పెన్నను, కాలువగా పెనుకొండకు తెమ్మని ఆజ్ఞాపించాడు. ఇలా కాలువల్లో పారి, చెరువుల్లో నిలిచిన నీరు నేలపైనే ఉండి రాతితో ఎక్కువకాలం కలవదు. కాని తరువాత బోరుబావులు లోతుకు దిగి, గ్రానైటు పగుళ్లలో ఏళ్ల తరబడి నానిన నీటిని తోడడంతో, అక్కడి ఖనిజాల నుంచి కరిగిన ఫ్లోరైడు అనేక గ్రామాల్లో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటి, పళ్లపై గార, ఎముకల నొప్పి తెచ్చింది. పుట్టపర్తిలోని సత్యసాయి ట్రస్టు నిర్మించి 1995లో ప్రారంభించిన పథకం అప్పటి అనంతపురం జిల్లాలో 700కు పైగా గ్రామాలకు తాగునీటిని చేర్చింది. దాని ఆధారాల్లో చిత్రావతి జలాశయం కూడా ఒకటి.