54 వేల వోట్లు: ఇటలీ దేశపు 1953 ఎన్నికలు

ఎన్నికలలో నెగ్గుట ఒక ఎత్తు, నెగ్గిన పిదప ప్రభుత్వమును నిలుపుకొనుట మరియొక ఎత్తు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఇటలీ దేశపు నాయకులను వేధించిన చిక్కు ఈ రెండవదియే.

1948 ఏప్రిల్ ఎన్నికలలో డి గాస్పెరి నాయకత్వమున క్రైస్తవ ప్రజాస్వామ్య పక్షమునకు నూటికి 48 పైచిలుకు వోట్లు లభించినవి. కమ్యూనిస్టులును సోషలిస్టులును చేతులు కలిపి నిలిపిన కూటమికి 31 మాత్రమే దక్కినవి. కాని పిమ్మట జరిగిన స్థానిక ఎన్నికలలో డి గాస్పెరి పక్షపు బలము బాగుగా తగ్గెను. దామాషా పద్ధతి యున్నంతకాలము స్థిరమైన మంత్రివర్గము దుర్లభమని ఆయన తలంచెను. అందుచే 1953లో క్రొత్త చట్టము వచ్చినది. ముందుగా పొత్తు ప్రకటించుకొన్న పక్షములకు అన్నిటికిని కలిపి సగమునకు మించి వోట్లు వచ్చినచో, ప్రతినిధుల సభలోని 590 స్థానములలో 380 వారికే చెందును.

ప్రతిపక్షములు దీనికి 'మోసపు చట్టము' అని పేరు పెట్టినవి. ఆ పేరే నిలిచిపోయినది. వారి భయమునకు కారణము లేకపోలేదు. 1923లో ముస్సోలినీ చేయించిన చట్టము నూటికి 25 వోట్లు తెచ్చుకొన్న పెద్ద పక్షమునకు మూడింట రెండు వంతుల స్థానములు కట్టబెట్టినది. దాని వెంట వచ్చిన నియంతృత్వమును ఆ ప్రజలు మరచియుండలేదు. అయినను పావు వంతునకును సగమునకును గల భేదమును విస్మరించుట న్యాయము కాదని మా యభిప్రాయము. మన దేశముననే 1952లో కాంగ్రెసు పక్షము నూటికి 45 వోట్లతో లోకసభలోని 489 స్థానములలో 364 గెలుచుకొన్నది. దానిని మోసమని యెవ్వరు ననలేదు. ఆటకు ముందే యున్న నియమము వేరు, ఆట నడుమ గెలువగోరువాడు మార్చిన నియమము వేరు.

మార్చి 29, మట్టల ఆదివారమునాడు సెనేట్ సభలో బిల్లు నెగ్గినది. ఆనాటి రభసలో బల్లలు విరిగినవి; అధ్యక్షుడు రుయీనీకి దెబ్బ తగిలినది.

జూన్ 7న వోటింగు మొదలయ్యెను. సుమారు 2 కోట్ల 70 లక్షల చెల్లిన వోట్లలో అధికార కూటమికి నూటికి 49.8 వచ్చినవి. సగమునకు కొరవడినవి రమారమి 54 వేలు! కమ్యూనిస్టులకంటె ఈ కొరతకు ముఖ్య కారకులు రెండు చిన్న జట్టులవారు. మాజీ ప్రధాని పర్రీయు, న్యాయశాస్త్రవేత్త కలమాండ్రేయియు నిలిపిన జట్టునకు 1 లక్షా 71 వేలు, ఆర్థికవేత్త కొర్బీనో జట్టునకు 1 లక్షా 20 వేలు వచ్చినవి. వీరిలో పలువురు మునుపు కూటమి పక్షములకు చెందినవారే. ఇంటివారే ఎదురు తిరిగినప్పుడు బయటివారితో పనియేమి?

చెల్లని వోట్లను తిరిగి పరిశీలింపవలెనని డి గాస్పెరి పట్టుపట్టలేదు. ఇది ఆయన గౌరవమును పెంచిన విషయము. జూలైలో ఆయన ఎనిమిదవ మంత్రివర్గము విశ్వాస పరీక్షలో ఓడెను. 1954లో చట్టము రద్దయ్యెను. ఆ ఆగస్టులోనే ఆయన మరణించెను.

అదనపు స్థానముల పద్ధతి 2005లో మరల వచ్చినది. ఈసారి సగము వోట్ల నిబంధన లేదు. 2006లో ప్రోడీ కూటమి బెర్లుస్కోనీ కూటమికంటె 25 వేలకు లోపు వోట్ల ఆధిక్యముతో, 630 స్థానముల ప్రతినిధుల సభలో నిశ్చితమైన 340 స్థానములను పొందినది. కనీసపు వోట్ల హద్దు లేని ఈ ఏర్పాటు చెల్లదని 2014 జనవరిలో ఇటలీ రాజ్యాంగ న్యాయస్థానము తీర్పు చెప్పినది.